ఉత్తరాల్లో పెరిగిన పిల్ల

జూన్ 18

అక్కకి,

చేరాను. గది బాగానే ఉంది. నాతో కలిపి నలుగురం. కిటికీ ఒకటి ఉంది, పక్క బిల్డింగు గోడవైపు తెరుచుకుంటుంది. భోజనం ఫరవాలేదు. టీచర్ ట్రైనింగు అంటే పిల్లలకి పాఠం చెప్పడం నేర్పుతారనుకున్నాను. ఇప్పటికైతే అట్టల మీద బొమ్మలు అతికించడం నేర్పుతున్నారు. ఫోను వార్డెన్ గదిలో ఒక్కటే ఉంది. ఎవరైనా పోతే తప్ప ఇవ్వదట. కాబట్టి ఉత్తరాలే.

అమ్మని, నాన్నని అడిగానని చెప్పు.

నీ చెల్లి


జూన్ 27

ఒసే చింతగింజా,

ఇది ఉత్తరమా, కరెంటు బిల్లా? ఆదివారం భోజనాలయ్యాక అమ్మా నాన్నా గోడకి ఆనుకుని బుద్ధిగా కూర్చున్నారు. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. అయిపోయింది. "వెనక పక్క చూడవే" అంది అమ్మ. చూశాను, ఖాళీ. "కవర్లో ఇంకేమైనా ఉండిపోయిందేమో" అంది. కవరు దులిపి చూపించాను. నాన్న "బాగా రాసింది" అని లేచి వెళ్ళిపోయాడు. ఆయన అలా అన్నాడంటే ఎంత బాధపడ్డాడో నీకు తెలుసు.

అమ్మకి చదువు రాదు, నాన్నకి బోర్డులు చదివేంత వచ్చు. ఇంట్లో గలగలా మాట్లాడేదానివి నువ్వొక్కదానివే, వెళ్ళిపోయావు. నేను పొద్దంతా కళ్ళద్దాల షాపులో "ఇది బాగుందా, ఇది బాగుందా" అని అద్దాలు మార్చి మార్చి అడిగి ఇంటికొచ్చేసరికి నాలుక పీకుతుంటుంది. నాన్న సంగతి విన్నావా? తను నడిపే లిఫ్టు ఎక్కిన ప్రతివాళ్ళకీ నీ గురించి చెబుతున్నాడట. మూడో అంతస్తులో దిగేవాళ్ళకి నీకు సీటు వచ్చిందని మాత్రమే తెలుసు. పదో అంతస్తువాళ్ళకి నీకు చిన్నప్పుడు తట్టు పోసిన దగ్గర్నించీ తెలుసు.

ఇప్పుడు వాళ్ళకి చెప్పడానికి ఆయన దగ్గర కొత్త సంగతులు లేవు. ఏదైనా రాయవే తల్లీ. జరిగింది రాయి. జరక్కపోతే, జరిగేలా చూసుకుని రాయి.

మీ అక్క


జూలై 20

అక్కా,

నీ చివాట్లు అందాయి. సరే విను.

మాకు సంగీతం టీచరు ఒకావిడ ఉంది. ఒక కాలు పొట్టి. వరండాలో ఆవిడ వస్తుంటే తాళం వేస్తున్నట్టే వినిపిస్తుంది, ఒక దెబ్బ గట్టిగా, ఒకటి మెల్లిగా. చిన్నపిల్లలకి పాటలు నేర్పాలి కదా, అందుకని మా అందరిచేతా ఒక్కొక్క చరణం పాడించింది. కొందరికి మధ్యలోనే "చాలు" అంది. నా వంతు వచ్చింది. పాడాను. ఆవిడ కళ్ళు మూసుకుని చివరిదాకా వింది.

"ఎవరు నేర్పారు?" అంది.

"మా అక్క పాడుతుంటే విని నేర్చుకున్నానండీ."

"అదే అనుకున్నా. ఇది మీ అక్క గొంతు. నీ గొంతు ఎప్పుడు వినిపిస్తావు?"

అంతే, వెళ్ళిపోయింది. నేను అక్కడే నిలబడిపోయాను. ఆ రోజునుంచి సాయంత్రాలు ఖాళీ క్లాసులో ఒక్కదాన్నే కూర్చుని ప్రయత్నిస్తున్నాను. ఒకసారి ఆవిడ తలుపు దగ్గర నిలబడి విని, ఏమీ అనకుండా లైటు వేసి వెళ్ళింది. చీకట్లో కూర్చున్న సంగతి నాకే తెలియలేదు.

ఇది కరెంటు బిల్లు కాదు కదా?

నీ చింతగింజ


ఆగస్టు 3

చింతగింజా,

నీ ఉత్తరం మూడు ఆదివారాలకి సరిపోయేలా ఉంది. మొదటి చదువుకి అమ్మ నవ్వింది, రెండో చదువుకి కళ్ళు తుడుచుకుంది. "పాపం, ఆ కాలుతో మెట్లెక్కగలదా? ఆవిడకి పెళ్ళయిందా?" అని అడగమంది. నాన్న నడక నేర్చుకున్నాడు. నిజం! లిఫ్టులో నీ టీచరమ్మ ఎలా నడుస్తుందో చూపిస్తున్నాడట. ఏడో అంతస్తు ప్లీడరుగారు "మీ అమ్మాయి గొంతు దొరికిందా?" అని రోజూ అడుగుతున్నాడట.

నాకు మాత్రం ఆ మాట మనసులో గుచ్చుకుంది. నా గొంతు అంత బరువుగా నీ మీద కూర్చుందా? నేను పనులు చేసుకుంటూ కూనిరాగం తీసేదాన్ని, అంతే. అయినా సంతోషమే. నీకంటూ ఒకటి ఉందని ఎవరో గుర్తుపట్టారు కదా. నన్నెవరూ అలా నిలబెట్టి అడగలేదు.

షాపులో మా డాక్టరుగారు (డాక్టరు కాదు, ఓనరు, కళ్ళు పరీక్ష చేసే మిషను కొన్న రోజునుంచి అలా పిలిపించుకుంటున్నాడు) నన్ను పిల్లల దగ్గర కూర్చోబెడుతున్నాడు. వాళ్ళు గడుగ్గాయిలు. ముందు పిల్ల చదివింది విని బట్టీ పట్టేసి, అక్షరం కనబడకపోయినా గడగడా అప్పజెబుతారు. అక్షరాల అట్ట మారిస్తే దొరికిపోతారు. దొరికినప్పుడు ఆ ముఖాలు చూడాలి, జాలేస్తుంది.

ఇంకా రాయి.

అక్క


సెప్టెంబర్ 14

అక్కా,

ఈసారి మా కప్ప సంగతి. నా పక్క మంచం పిల్ల. ఈత తప్ప దానికి ఇంకేమీ రాదు, అందుకని ఆ పేరు. ఊరవతల రిజర్వాయరు ఉంది. "అవతలి ఒడ్డుకి ఈదగలవా?" అని ఎవరో రెచ్చగొట్టారు. అది చెప్పులు నా చేతికిచ్చి దిగిపోయింది. హాస్టలు పిల్లలందరం ఒడ్డున నిలబడి ఊపిరి బిగబట్టాం. మధ్యలో తల కనిపించలేదు. నేను నీళ్ళలోకి మోకాళ్ళదాకా వెళ్ళాను, ఆ పైన ధైర్యం చాలలేదు. ఆఖరికి అవతల చీమంత ఆకారం లేచి నిలబడింది. తన పేరు తనే గట్టిగా అరిచింది. నీళ్ళ మీదుగా ఆ పేరు మా దాకా వచ్చింది. నా పేరు నేనెప్పుడూ అంత గట్టిగా అనలేదు కదా అనిపించింది. దాని చెప్పులు ఇంకా నా చేతుల్లోనే ఉన్నాయి.

అన్నట్టు, వార్డెన్ అందరి ఉత్తరాలూ విప్పి చదువుతోంది. ఇకనుంచి కింద రాసిన అడ్రసుకి పంపు. బస్టాండు వెనక టైలరమ్మ ఇల్లు. మా యూనిఫారాలు కుట్టేది ఆవిడే, మంచిది. హాస్టలుకి మాత్రం రాయకు.

నీ చింతగింజ


సెప్టెంబర్ 25

చెల్లీ,

కప్ప ఉత్తరం చదివితే అమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. "ముందే చెప్పవే, బతికిందని" అని నన్ను తిట్టింది. సరే.

ఇప్పుడు ఈ కాగితం నేను చదివి వినిపించేది కాదు, నువ్వొక్కదానివే చదువుకునేది. టైలరమ్మా, టైలరా? నేను అమాయకురాలిలా కనిపిస్తాను గానీ కాదు. పద్దెనిమిదేళ్ళ పిల్ల అడ్రసు మార్చిందంటే మధ్యలో ఎవడో ఉన్నట్టే. ఉంటే ఉన్నాడు, నేను కొరికి తినను. వాడికి పనీ పాటా ఉందా? నిన్ను చదువుకోనిస్తున్నాడా? నాకు చెప్పకుండా మాత్రం ఏమీ చెయ్యకు. నీ ఉత్తరాల్లో ఈమధ్య ఒక వెలుగు కనిపిస్తోంది. అది ఎక్కడినుంచి వస్తోందో నాకు అనుమానంగా ఉంది.

నీకు తగ్గట్టు మాట్లాడాలని నేను అద్దె పుస్తకాల షాపులో మెంబరుగా చేరాను. "చదువు కోసం ఇల్లు వదిలిన పిల్లల కథలున్నాయా?" అని అడిగాను. "అవే ఎక్కువండీ" అని ఒక అట్టపెట్టె ముందుకి తోశాడు. నాలుగైదు చదివాను. అన్నిటిదీ ఒకటే నడక. పిల్లో పిల్లాడో మూట కట్టుకుని బయల్దేరుతారు. ఊళ్ళో ఎవరికీ కనబడని గొప్పతనం వాళ్ళలో ఒక ముసలి టీచరుకి కనబడుతుంది. ఒక నేస్తం దొరుకుతుంది. ఒక దెబ్బ తగులుతుంది. వాన తప్పనిసరి. చివరి పేజీకల్లా "నేనెవరో నాకు తెలిసింది" అంటారు. నాకు ఇరవై ఆరు దాటాయి, ఇంకా తెలియలేదు. నా పుస్తకంలో ఆ పేజీ ఎవరో చింపేసి ఉంటారు.

నిజం రాయి.

అక్క


నవంబర్ 2

అక్కా,

నీ ఉత్తరం చదివి చాలా రోజులు జవాబు రాయబుద్ధి కాలేదు. అబ్బాయి లేడు. నువ్వు కూడా అలాగే అనుకున్నావంటే ఇంక ఎవరికి ఏం చెప్పను?

ఇంకో సంగతి రాయాలి. కప్ప చనిపోయింది. జ్వరం తలకెక్కింది. వాళ్ళవాళ్ళు వచ్చేలోపే అయిపోయింది. ఆఖరి సాయంత్రం నేనే దగ్గరున్నాను. దాని చెయ్యి కాలిపోతోంది. కళ్ళు తెరిచి, "నువ్వు ఒడ్డునే ఉండిపోకు" అంది. తర్వాత మాట లేదు. బయటికి వచ్చేసరికి వాన. గొడుగు లేకుండా ఊరంతా తిరిగాను. వీధి దీపం కింద నీటి గుంటలో ఎవరో కనిపిస్తే ఆగి చూశాను. నేనే. నన్ను నేను మొదటిసారి చూసుకున్నట్టు అనిపించింది.

ఇంతకంటే రాయలేను.

చెల్లి


నవంబర్ 9

తల్లీ,

నన్ను క్షమించు. నువ్వు అంత దుఃఖంలో ఉంటే నేను అబ్బాయి, అబ్బాయి అని గోల చేశాను.

నీ ఉత్తరం చదివి వినిపించాను. అమ్మ పొయ్యి వెలిగించలేదు. కన్న పిల్ల పోయినట్టే ఏడ్చింది. "ఆ తల్లి ఎలా ఉందో కనుక్కోమను" అని పదే పదే అంటోంది. నాన్న గురువారం సెలవు పెట్టాడు. పొద్దున్న బస్సుకి బయల్దేరి నీ దగ్గరికి వస్తాడు. నిన్ను చూసి, ఆ పిల్ల అమ్మానాన్నల అడ్రసు వార్డెన్ దగ్గర తీసుకుని వాళ్ళ ఇంటికి కూడా వెళ్ళి వస్తాడట. "మన పిల్ల చేతిలో పోయింది, మనం వెళ్ళకపోతే ఎలా?" అన్నాడు. నువ్వు బస్టాండుకి రానక్కర్లేదు, ఆయనే హాస్టలుకి వస్తాడు.

ధైర్యంగా ఉండు.

అక్క


నవంబర్ 14

చెల్లీ,

నాన్న రాలేదని నువ్వు గ్రహించే ఉంటావు. నేనే ఆపాను. "పరీక్షలట, వార్డెన్ ఎవరినీ కలవనివ్వదట, ఫోను చేసి చెప్పింది" అన్నాను. ఇంట్లో వాళ్ళతో ఇంత పెద్ద అబద్ధం ఆడటం నాకిదే మొదలు. నోరు తిరుగుతుందో లేదో అనుకున్నాను, బాగానే తిరిగింది.

బుధవారం సాయంత్రం అద్దె పుస్తకాల షాపు అట్టపెట్టెలోంచి ఒక ఆకుపచ్చ అట్ట పుస్తకం తెచ్చుకున్నాను. బస్సులో తెరిచాను. వరండాలో ఒకావిడ నడిచి వస్తోంది, ఒక కాలు పొట్టి. నేను నవ్వుకున్నాను, లోకంలో ఇద్దరు ఉండకూడదా అని. తర్వాత ఆవిడ ఆ పిల్లతో "ఇది మీ అమ్మ గొంతు" అంది. నా కోసం అమ్మని అక్కగా మార్చావు. ఆ మాట నేను ఎన్ని రోజులు మోశానో నీకు తెలియదు.

దిగాల్సిన స్టాపు దాటిపోయింది. చివరి స్టాపులో బెంచీ మీద కూర్చుని చదివాను. రిజర్వాయరు లేదు, నది ఉంది. చెప్పులు ఉన్నాయి. జ్వరం ఉంది, ఒడ్డు మాట ఉంది, వాన ఉంది, నీటి గుంట ఉంది. ఆ పిల్ల చచ్చిపోయిన పేజీలో ఎవరో పెన్సిలుతో గీత కూడా గీశారు.

నేను కోపంతో రాయడం లేదు. కోపం నిన్ననే అయిపోయింది. ఇప్పుడు భయంగా ఉంది. నువ్వు రాసినవన్నీ పుస్తకంలో జరిగితే, నీకేం జరిగింది? ఎక్కడున్నావు?

అక్క


డిసెంబర్ 3

అక్కా,

సంగీతం టీచరు లేదు. కప్ప లేదు. గదిలో మిగతా ముగ్గురూ మంచివాళ్ళే. నాతో మాట్లాడేవాళ్ళు కాదు, అంతే. ద్వేషం కాదు, నేను కనిపించేదాన్ని కాదు.

క్లాసులు తలకెక్కేవి కాదు. లైబ్రరీలో ఆ పుస్తకాలుండేవి, అన్నీ చదివేశాను. నువ్వు ఏదైనా రాయమన్నప్పుడు ఒకటి రాశాను. మీరందరూ అంత సంతోషించారు. ఇంకొకటి రాశాను.

ఆగస్టులో మమ్మల్ని పక్క స్కూల్లో పాఠం చెప్పడానికి పంపారు. మూడో తరగతి. బోర్డు ముందు నిలబడ్డాను. పిల్లలందరూ చేతులు కట్టుకుని చూస్తున్నారు. పాఠం నాకు వచ్చు అక్కా, ఒట్టు. నోరు తెరిచాను. మాట రాలేదు. ఆ పుస్తకాల్లో అయితే సరిగ్గా అక్కడే ఆ అమ్మాయికి గొంతు వస్తుంది. నేను కూడా నిజంగా దానికోసమే నిలబడ్డాను. వస్తుంది, ఇప్పుడు వస్తుంది అని ఎదురుచూశాను. ఒక పిల్ల నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. తర్వాత నవ్వు కూడా ఆగిపోయింది, ఒక పిల్లవాడు భయపడి ఏడ్చాడు. బెల్లు కొట్టారు. ఇంకో రోజు పంపారు. అప్పుడూ అంతే. ప్రిన్సిపాలు మేడమ్ పిలిచి, "అందరికీ అన్నీ రావమ్మా. వేరే ఏదైనా చూసుకో" అంది. మెత్తగానే చెప్పింది. తిట్టినా బాగుండేది.

ఇంటికి రావాలని బస్టాండు దాకా వెళ్ళాను. నీ ఉత్తరం సంచిలో ఉంది, నాన్న నడిచి చూపిస్తున్నాడని రాసిన ఉత్తరం. బస్సు ఎక్కలేకపోయాను. వెనక వీధిలో టైలరమ్మ గది అద్దెకిచ్చింది.

హేచరీలో పని చేస్తున్నాను. గుడ్లని మిషన్లలో పొదిగించే చోటు. ట్రేలనిండా ఒక్కరోజు కోడిపిల్లలు వస్తాయి. రెక్క విప్పి చూడాలి. ఈకలు ఒకటి పొడుగు ఒకటి పొట్టిగా ఉంటే పెట్ట, అన్నీ సమానంగా ఉంటే పుంజు. పెట్టల్ని అట్టపెట్టెలో వెయ్యాలి, పుంజుల్ని పక్కనున్న గొట్టంలో. గొట్టం ఎక్కడికి పోతుందని మొదటి వారం అడిగాను. ఇప్పుడు అడగను. అరచేతిలో వెచ్చగా ఉంటాయి, గుండె కొట్టుకోవడం వేళ్ళకి తెలుస్తుంది. నా చెయ్యి చురుకైనదని, తప్పులు తక్కువని సూపర్‌వైజరు అందరి ముందూ అన్నాడు. ఇన్నేళ్ళకి నన్ను ఒకరు మెచ్చుకున్నారు. దీనికి.

ఇంటికి రావాలని ఉంది. ఏమీ కాకుండానే వస్తే రానిస్తారా?

చెల్లి


డిసెంబర్ 12

పిచ్చిదానా,

రానివ్వడమేమిటే, అదేం మాట? నీ ఇల్లు కాదా? సంచీ సర్దుకుని రా. నీ మంచం మీద నేను ఆరేసిన బట్టలున్నాయి, తీసేస్తాను.

నేను ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఆదివారం చెప్పాలనే కూర్చున్నాను. నోరు తెరిచేలోపు అమ్మ "ఆ టీచరమ్మ మన పిల్లని దగ్గరికి తీసి ఓదార్చి ఉంటుందిలే" అంది. నీ ఉత్తరం మడిచి సంచిలో పెట్టేశాను. నువ్వు వచ్చి నీ నోటితో చెప్పు. నేను పక్కనే ఉంటాను. తిట్లు పడితే సగం నేను పంచుకుంటాను, నిన్ను ఏదో ఒకటి రాయమన్నది నేనే కదా.

జనవరి మొదటి వారం డాక్టరుగారు స్కూళ్ళలో కళ్ళ పరీక్షలకని నన్ను పక్క ఊళ్ళకి తిప్పుతాడు. ఆరో తేదీకి ఇంట్లో ఉంటాను. ఆ తర్వాత రా.

అక్క


జనవరి 8

అక్కా,

నేను మూడో తేదీనే వచ్చాను. అమ్మ చెప్పే ఉంటుంది. హేచరీలో సెలవు అప్పుడే ఇచ్చారు. నువ్వు లేకపోయినా చెప్పేద్దామనుకున్నాను. నువ్వు ఉంటే నీ వెనక దాక్కుంటానని కూడా అనిపించింది.

అమ్మ తలుపు తీసింది. నన్ను గట్టిగా పట్టుకుంది. కూర్చోబెట్టి, మంచినీళ్ళు కూడా ఇవ్వకముందే, "ఆ పిల్ల తల్లి ఎలా ఉందే?" అంది.

"బాగానే ఉందమ్మా. లేచి తిరుగుతోంది" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో మాట! క్లాసులో నిలబడితే రాని మాట. అమ్మ అడుగుతూనే ఉంది, నేను చెబుతూనే ఉన్నాను. టీచరమ్మకి పెళ్ళి కాలేదు. చెప్పులు కప్ప వాళ్ళ నాన్నకి ఇచ్చేశాను. పుస్తకంలో లేనివి కూడా చెప్పాను.

కాసేపటికి ఊపిరి తీసుకుని, "అమ్మా, నేను అక్కడ చదవడం లేదు" అన్నాను. అన్నాను అక్కా, స్పష్టంగా అన్నాను.

అమ్మ నా తల నిమిరింది. "అంత బాధలో చదువు ఎవరికి తలకెక్కుతుందే? నెమ్మదిగా చదువుదువుగానిలే" అంది.

"అది కాదమ్మా..."

"నాకు తెలుసులే. నీ ఉత్తరాలన్నీ విన్నదాన్ని, నాకు తెలియదా నువ్వేమిటో?"

ఇంక ఏం చెప్పను? తర్వాత నాన్న నన్ను పనికి తీసుకెళ్ళాడు. సాయంత్రందాకా లిఫ్టులో స్టూలు మీద కూర్చోబెట్టి పైకీ కిందికీ తిప్పాడు. "మా చిన్నది" అనేవాడు, అంతే. వాళ్ళే "రిజర్వాయరు అమ్మాయా?" అనేవాళ్ళు. ప్లీడరుగారు గొంతు దొరికిందా అని అడిగాడు. దొరికిందన్నాను. ఎనిమిదో అంతస్తులో ఒకావిడ నా రెండు చేతులూ పట్టుకుని, తనకీ చిన్నప్పుడు ఒక స్నేహితురాలు పోయిందని చెబుతూ ఏడ్చింది. ఎంత కడిగినా నా చేతులకి కోడిపిల్లల వాసన పోదు. ఆవిడకి రాలేదు.

మర్నాడు వచ్చేశాను. అందరూ నన్ను బాగానే చూశారు. కాకపోతే వాళ్ళు చూసింది నన్ను కాదు. నేను కూడా గుమ్మంలో నిలబడి ఆ ఉత్తరాల్లో పిల్ల కోసమే ఎదురుచూసినట్టు అనిపించింది.

చెల్లి


జనవరి 22

చెల్లీ,

ఇంకో రెండు రోజులు ఆగలేకపోయావా? నేను ఆరో తేదీ ఇంటికొచ్చేసరికి అమ్మ ముఖం వెలిగిపోతోంది. "ఎంత ఎదిగిందే మన పిల్ల, ఎంత నిమ్మళంగా మాట్లాడుతోందో" అంది. నేను అప్పుడే చెప్పాల్సింది. బూట్లు విప్పుతూ ఉండిపోయాను.

ఇంకో విషయం. పోయిన ఆదివారం భోజనాలయ్యాక ఇద్దరూ వచ్చి కూర్చున్నారు. ఉత్తరం రాలేదని చెప్పబోయాను. నాన్న అప్పటికే కళ్ళు మూసుకుని వినడానికి సిద్ధంగా ఉన్నాడు. నా సంచిలో షాపు బిల్లుల పుస్తకం ఉంది. ఒక కాగితం చింపి, దాన్ని చూస్తూ చదివాను. నువ్వు మళ్ళీ పాఠం చెప్పడానికి వెళ్ళావని, మొదట మాట రాలేదని, ఒక పిల్ల నవ్విందని, తర్వాత వచ్చిందని. ఆ పిల్లకే ముందు అక్షరం దిద్దించావని. ఎక్కడా తడుముకోలేదు. అమ్మ మళ్ళీ చదవమంది. రెండోసారి కూడా అలాగే వచ్చింది.

తప్పో ఒప్పో నాకు తెలియడం లేదు. నువ్వే చెప్పు.

అక్క


ఫిబ్రవరి 20

అక్కా,

నా సంగతే తీసుకుని నాకు మాట తెప్పించావు. చదివి చాలాసేపు ఏడ్చాను. ఆ ముక్క నాకు రాసి పంపవా అని అడగాలనుంది. అడగను.

నేను ఈసారి పూర్తిగా వచ్చేస్తాను. నువ్వు ఉండగా వస్తాను. నేను మాట మారిస్తే నువ్వు పట్టుకో. మనిద్దరం కలిసి చెబుదాం. మొదట అరుస్తారు, తర్వాత ఏదో ఒకటి అవుతుంది. నీ షాపులో అద్దాలు తుడిచే పనైనా ఇప్పించు. ఇక్కడ దీపం కింద రెక్కలు చూసీ చూసీ మెడ తిప్పలేకపోతున్నాను. నిన్న ఒక కోడిపిల్లని చేతిలో పట్టుకుని పెట్టో పుంజో తేల్చుకోలేక అలాగే ఉండిపోయాను. వెనక ట్రేలు ఆగిపోయాయి. సూపర్‌వైజరు వచ్చి నా చేతిలోంచి తీసుకుని చూడకుండానే గొట్టంలో వేశాడు.

ఎప్పుడు రావాలో రాయి. వెంటనే రాయి.

చెల్లి


మార్చి 11

చెల్లీ,

జవాబు ఆలస్యమైంది. ఇక్కడ సంగతి చెబుతాను, కోపం తెచ్చుకోకు.

ఆ బిల్డింగులో లిఫ్టుకి బటన్లు పెట్టారు. ఎక్కేవాళ్ళే నొక్కుకుంటారు, మనిషి అక్కర్లేదు. నాన్నని మానిపించారు. అందరూ కలిసి ఒక గోడ గడియారం ఇచ్చారు. ఎనిమిదో అంతస్తు ఆవిడ "మీకేం దిగులు, టీచరు తండ్రి" అందట. అదే మాట ఇంటికొచ్చి మాకు చెప్పాడు. మర్నాడు ఇంకోసారి చెప్పాడు. ఇప్పుడు ఆయన ఉదయం తయారై, బట్టలు వేసుకుని, గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుంటాడు. వీధిలో పోయేవాళ్ళు ఎవరైనా ఆగితే నీ గురించి చెబుతాడు. ఎవరూ ఆగకపోతే ఆదివారం ఎన్ని రోజులుందని నన్ను అడుగుతాడు.

ఇప్పుడు చెబితే ఆయన దగ్గర ఏం మిగులుతుందే? ఈ ఒక్క వేసవి గడవనీ. ఆయన కాస్త కుదుటపడనీ. నీ మంచం ఎక్కడికీ పోదు. నిన్ను రావద్దనడం లేదు. ఇప్పుడొద్దంటున్నాను.

నీ మెడకి వేడి కాపడం పెట్టుకో.

అక్క


జూన్ 2

చెల్లీ,

నీ దగ్గర్నించి మూడు నెలలుగా ఉత్తరం లేదు. నేను రాసినవి అందుతున్నాయో లేదో తెలియదు. అయినా ఇది రాయకుండా ఉండలేను.

నీ ట్రైనింగు అయిపోయే టైమొచ్చింది. ఎప్పుడొస్తుంది, ఎప్పుడొస్తుంది అని అమ్మ రోజూ అడుగుతోంది. మొన్న ఆదివారం చదివాను. నువ్వు పాసయ్యావు. చాలా దూరంలో ఒక స్కూల్లో ఉద్యోగం వచ్చింది. బస్సులు తక్కువ, సెలవులు ఇంకా తక్కువ. వెంటనే చేరాలి కాబట్టి ఇంటికి రాకుండానే వెళ్ళిపోయావు. "ఇన్నాళ్ళకి నేనెవరో నాకు తెలిసింది" అని ఆఖరున రాశావు. ఆ మాట నేను అనుకోలేదు, నోటికి వచ్చేసింది.

అమ్మ కాసేపు ఏడ్చి, తర్వాత నవ్వి, "పోనీలే, నిలదొక్కుకుంది" అంది. నాన్న వీధిలోకి వెళ్ళి చాలాసేపటిదాకా రాలేదు. ఇంత సంతోషం ఈ ఇంట్లో నేను చూసి ఎన్నాళ్ళో అయింది.

ఇంకెప్పుడు రమ్మనాలో నాకు తెలియడం లేదు చెల్లీ. తిట్టు. ఏదైనా రాయి.

అక్క


జూన్ 15

అక్కకి,

ఉత్తరం అందింది. అంతకు ముందువీ అందాయి. తిట్టడానికి ఏమీ లేదు. నేనైనా అలాగే ముగించేదాన్ని.

నేను బాగానే ఉన్నాను. టైలరమ్మ ఇల్లు అమ్మేసింది, హేచరీ వెనక షెడ్లలోకి మారాను. అడ్రసు కింద రాశాను. కొత్తగా చేరినవాళ్ళకి రెక్కలు చూడటం నన్నే నేర్పమన్నారు. మాటలు అక్కర్లేదు, చేసి చూపిస్తే చాలు.

ఒక్కటి చెయ్యి. ఆ స్కూలు ఏ ఊళ్ళో, నేను ఏ తరగతికి చెబుతున్నానో, పిల్లలు ఎలాంటివాళ్ళో రాసి పంపు. నాన్న ఎప్పుడైనా దారిలో ఎదురుపడి అడిగితే తడబడకూడదు కదా.

ఉంటాను.

చెల్లి